చేతి ఆపరేషన్ తర్వాత నరాల మత్తు ఎక్కువసేపు నిలవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మణికట్టు విరిగి ప్లేటు వేయించుకున్నవారికి, మోచేతి ఎముకను వైర్లతో బిగించినవారికి, భుజంలో తెగిన కండర పట్టీని కుట్టించుకున్నవారికి ఇప్పుడు చాలా చోట్ల పూర్తి మత్తుకు బదులుగానో, దానితో పాటుగానో చేతికి వెళ్లే నరాల దగ్గర మత్తుమందు ఇస్తున్నారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ, ఆ తర్వాత కొన్ని గంటలూ రోగికి హాయిగానే ఉంటుంది. అసలు ఇబ్బంది ఆ రాత్రి, ఆ మత్తు దిగే వేళకు మొదలవుతుంది. మత్తు డాక్టరుగా పనిచేస్తున్న నన్ను రోగులూ వారి ఇంటివాళ్లూ ఈ విషయం మీద మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కనిపించే మోతాదులు విషయం అర్థం కావడానికి మాత్రమే. మీకు ఎంత ఇవ్వాలో మీ వయసు, బరువు, జబ్బులు తెలిసిన డాక్టరే నిర్ణయించాలి.

చేతికి ఇచ్చే నరాల మత్తు అంటే ఏమిటి? వెన్నుకు ఇచ్చే మత్తు లాంటిదేనా?

మందులు దాదాపు అవే, ఇచ్చే చోటు వేరు. వెన్నుకు ఇచ్చే సూది నడుము నుంచి కింది భాగాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి చేతికి అది పనికిరాదు. చేతికి స్పర్శనూ కదలికనూ ఇచ్చే నరాలు మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఐదు మూలాలుగా బయలుదేరి, జడపాయల్లా కలుస్తూ విడిపోతూ, కాలర్ ఎముక వెనుక నుంచి చంకలోకి దిగుతాయి. ఈ అల్లికనే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం ఆపరేషన్ అయితే మెడ పక్కన, ముంజేయి, మణికట్టు, అరచేయి అయితే కాలర్ ఎముకకు పైనో కిందో, లేదా చంకలో మందు ఇస్తాం. దీన్నే మా భాషలో బ్లాక్ అంటాం.

చేతి నరాలను మొద్దుబార్చవచ్చని 1884లోనే అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ బృందం కొకైన్‌తో చూపించింది. అయితే అప్పట్లో నరం కనబడేలా కోసి మందు పెట్టాల్సి వచ్చేది. చర్మం మీది నుంచి సూదితోనే ఇచ్చే పద్ధతులు 1911లో జర్మనీలో వచ్చాయి. వాటిలో కాలర్ ఎముక పైన ఇచ్చే పద్ధతిని కులెన్‌కాంఫ్ మొదట తన మీదే ప్రయోగించుకున్నాడు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద నల్లగా కొట్టుకునే రక్తనాళం, దాని పక్కనే ద్రాక్షగుత్తిలా నరాలు, వాటి వైపు వెళ్లే సూది మొన, మందు చుట్టూ పరుచుకోవడం అన్నీ కంటికి కనిపిస్తాయి. పక్కన పడుకున్న రోగి వైపు కూడా నేను ఆ తెర తిప్పుతాను. తన నరాలను తానే చూసుకున్న మనిషికి సగం భయం అక్కడే తగ్గిపోతుంది.

ఒకసారి ఇస్తే ఎన్ని గంటలు ఉంటుంది?

అది ఏ మందు ఇచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. నొప్పి వార్త నరం వెంట విద్యుత్తులా ప్రయాణిస్తుంది. ఆ విద్యుత్తు పుట్టాలంటే నరం పొరలో ఉన్న సన్నని దారుల గుండా సోడియం లోపలికి రావాలి. మత్తుమందు ఆ దారులను మూసేస్తుంది. రక్తం ఆ మందును మెల్లమెల్లగా కడిగి తీసుకుపోయిన కొద్దీ దారులు మళ్లీ తెరుచుకుంటాయి. లిగ్నోకైన్ త్వరగా పట్టి రెండు మూడు గంటల్లో వదిలేస్తుంది. బుపివకైన్, లెవోబుపివకైన్, రోపివకైన్ పట్టడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకున్నా, సాధారణంగా 8 నుంచి 14 గంటల వరకు, కొందరిలో అంతకన్నా ఎక్కువసేపు నొప్పి తెలియనివ్వవు.

ఇప్పుడు గడియారం వైపు చూడండి. ఉదయం 11 గంటలకు బ్లాక్ ఇస్తే అది దిగే సమయం రాత్రి 7 నుంచి ఒంటి గంట మధ్య పడుతుంది. అంటే ఎముక ఆపరేషన్ నొప్పి బాగా తీవ్రంగా ఉండే మొదటి రాత్రి, చాలాసార్లు ఇంట్లో అందరూ పడుకున్నాక, మందుల షాపులు మూసేశాక, మత్తు దిగుతుంది. దాన్ని ఇంకో ఆరేడు గంటలు పొడిగించగలిగితే ఆ క్షణం చాలామందిలో తెల్లవారుజాముకో, తెల్లవారిన తర్వాతకో జరుగుతుంది. పొడిగింపు గురించి మేమింత పట్టుదలగా మాట్లాడేది ఈ ఒక్క రాత్రి కోసమే.

మందు మోతాదు పెంచితే ఎక్కువసేపు ఉండదా?

కొంత పెరుగుతుంది, కానీ ఆ దారిలో ఎక్కువ దూరం వెళ్లలేం. ప్రతి మత్తుమందుకూ శరీర బరువును బట్టి ఒక హద్దు ఉంది. రోపివకైన్‌కు దాన్ని సాధారణంగా కిలోకు 3 మి.గ్రా.గా పాటిస్తాం. హద్దు దాటినా, మందు పొరపాటున రక్తనాళంలోకి పోయినా పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు మొదలై, తీవ్రమైతే మూర్ఛ, గుండె లయ తప్పడం దాకా వెళ్లవచ్చు. అందుకే బ్లాకులు ఇచ్చే చోట దీనికి విరుగుడుగా రక్తంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ సీసా చేతికందేలా ఉండాలి. మందు ఇస్తున్నప్పుడు మేము మీతో ఊరు, పిల్లలు, వంట అంటూ మాట్లాడిస్తూ ఉండటానికి ఒక కారణం ఇదే. మీ మాట తడబడితే మాకు ముందుగా తెలుస్తుంది.

మరి ఎక్కువసేపు నిలవడానికి ఏమేం కలుపుతారు?

పాత పద్ధతి అడ్రినలిన్. మి.లీ.కు 5 మైక్రోగ్రాములు కలిపితే చుట్టుపక్కల రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడే కొంచెం ఎక్కువసేపు ఉంటుంది. లిగ్నోకైన్‌కు ఇది బాగా తోడ్పడుతుంది కానీ, సొంతంగానే ఎక్కువసేపు ఉండే బుపివకైన్, రోపివకైన్‌లకు పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు.

క్లోనిడిన్ సుమారు రెండు గంటలు పెంచుతుంది. దాని జాతికే చెందిన డెక్స్‌మెడెటొమిడిన్ అంతకన్నా బాగా పనిచేస్తుంది. అయితే నాడి వేగం తగ్గడం, బీపీ పడిపోవడం, మగతగా ఉండటం దాని వెంట వచ్చే ఇబ్బందులు. గుండె కొట్టుకోవడం ముందే నెమ్మదిగా ఉన్నవారికి, అదే రోజు ఇంటికి వెళ్లాల్సినవారికి నేను దీన్ని ఇష్టపడను. బుప్రెనార్ఫిన్ కూడా పొడిగిస్తుంది కానీ వాంతులు ఎక్కువ. ఒక చేయి జోలెలో ఉండి, మరో చేత్తో గిన్నె పట్టుకుని రాత్రంతా వాంతి చేసుకునే మనిషికి చేతిలో నొప్పి లేకపోవడం పెద్ద ఊరట కాదు. మిడజోలమ్‌ను నరం పక్కన వాడవద్దన్నదే సురక్షితమైన మాట. ప్రయోగశాలల్లో అది నరాల కణాలకు హాని చేయవచ్చన్న సూచనలున్నాయి.

మిగిలింది డెక్సామెథాసోన్. ఈ పేజీలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను, ఎందుకంటే ధర తక్కువ, దాదాపు ప్రతి ఆసుపత్రిలోనూ దొరుకుతుంది, ఫలితం మీద సాక్ష్యం కూడా బాగానే ఉంది.

డెక్సామెథాసోన్ స్టెరాయిడ్ కదా, దానికీ నొప్పికీ సంబంధం ఏమిటి?

స్టెరాయిడ్ అనగానే మనవాళ్లకు ఏళ్ల తరబడి మాత్రలు మింగి ముఖం ఉబ్బిపోయినవారు, ఎముకలు గుల్లబారినవారు గుర్తొస్తారు. ఆ భయం అకారణం కాదు. కానీ అది నెలల తరబడి వాడినప్పటి సంగతి. ఇక్కడ ఇచ్చేది ఒక్కసారి, సాధారణంగా 4 నుంచి 8 మి.గ్రా. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ఇదే మందును ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నాం. అది వాపును తగ్గిస్తుంది, గాయం దగ్గర పుట్టే నొప్పి రసాయనాలను అణచివేస్తుంది, నొప్పిని మోసే సన్నని నరాల పోగుల మీద కూడా ప్రభావం చూపుతుందని భావిస్తున్నారు.

వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2017లో వెలువరించిన సమీక్ష ఈ విషయం మీద జరిగిన 35 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 2,702 మందిని కలిపి చూసింది. వారిలో అత్యధికులు చేతి ఆపరేషన్లు చేయించుకున్నవారే. డెక్సామెథాసోన్ నరం పక్కన ఇచ్చినప్పుడు స్పర్శ తెలియని సమయం సగటున 6 గంటల 40 నిమిషాలు, నరం పక్కన కాకుండా రక్తంలోకి ఎక్కించినప్పుడు సగటున 6 గంటల 10 నిమిషాలకు కొంచెం పైగా పెరిగింది. మొదటి రోజు నొప్పి తీవ్రతా, మార్ఫిన్ జాతి మందుల అవసరమూ కూడా తగ్గాయి. ఇవన్నీ సగటులు. ఒకరికి పది గంటలు పెరగవచ్చు, మరొకరికి రెండు గంటలే పెరగవచ్చు. మోతాదులు, మందులు, కొలిచిన తీరు పరిశోధనకొక రకంగా ఉన్నందున ఈ అంకెలను నిమిషాల లెక్కన నమ్ముకోకూడదు.

నరం పక్కన ఇవ్వడం మంచిదా, రక్తంలోకి ఎక్కించడం మంచిదా?

రెండింటినీ నేరుగా పోల్చినప్పుడు నరం పక్కన ఇచ్చినవారిలో సుమారు 3 గంటలు ఎక్కువసేపు నిలిచినట్టు అదే సమీక్షలో కనిపించింది. కానీ నొప్పి తీవ్రతలో గానీ, ఇతర మందుల అవసరంలో గానీ రోగికి తెలిసేంత తేడా రాలేదు. ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. నరం పక్కన ఇవ్వడానికి ఈ మందుకు అధికారిక అనుమతి లేదు, డాక్టర్లు తమ విచక్షణతో వాడుతున్నారు. కొన్ని సీసాల్లో మందు చెడిపోకుండా కలిపే పదార్థాలుంటాయి, అవి నరానికి మంచివి కావు.

అందువల్ల నా అలవాటు రక్తంలోకి ఎక్కించడమే. ఆ అదనపు మూడు గంటల కోసం నరం దగ్గర ఇంకో మందు పెట్టడం నాకు అవసరమనిపించలేదు. నా తోటివారిలో కొందరు దీనికి భిన్నంగా ఆలోచిస్తారు, వారి వాదనలోనూ బలముంది. ఎక్కించేటప్పుడు మాత్రం మెల్లగా ఎక్కించాలి. మెలకువగా ఉన్నవారికి వేగంగా ఇస్తే తొడల మధ్య భరించలేని దురద, మంట ఒక నిమిషం పాటు వస్తాయి. ముందే చెప్పకపోతే రోగి హడలిపోతాడు.

నాకు షుగర్ ఉంది. ఈ ఇంజెక్షన్ చేయించుకోవచ్చా?

చాలామందికి ఇవ్వవచ్చు, కానీ డాక్టరుకు తెలిసి ఇవ్వాలి. ఒక్క మోతాదుతో కూడా మొదటి 24 గంటల్లో షుగర్ పెరుగుతుంది, షుగర్ వ్యాధి ఉన్నవారిలో ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. ఆ ఒక్క రోజూ నాలుగైదు సార్లు చూసుకుని, అవసరమైతే ఇన్సులిన్ సవరించుకుంటే సరిపోతుంది. పుండు చీము పడుతుందేమో అన్న భయానికి 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన జవాబిచ్చింది. పలు దేశాల్లో 8,880 మందిని చేర్చుకున్న ఆ పరిశోధనలో 8 మి.గ్రా. డెక్సామెథాసోన్ ఒక్కసారి ఇవ్వడం వల్ల ఆపరేషన్ గాయంలో ఇన్‌ఫెక్షన్ పెరగలేదు, షుగర్ ఉన్నవారిలోనూ పెరగలేదు. అయినా షుగర్ అదుపులో లేనివారికి, ముందే గాయంలో చీము ఉన్నవారికి నేను దీన్ని పక్కన పెడతాను.

సన్నని ట్యూబు పెట్టి రోజుల తరబడి మందు ఇస్తారని విన్నాను. అది మంచిది కాదా?

భుజం కీలు మార్పిడి, మోచేయి బిగుసుకుపోయినప్పుడు చేసే ఆపరేషన్, వేలు తెగి అతికించినప్పుడు, అంటే రెండు మూడు రోజుల పాటు తీవ్రమైన నొప్పి ఉంటుందని ముందే తెలిసిన సందర్భాల్లో, దీనికి సాటి లేదు. నరం పక్కన సన్నని ట్యూబు ఉంచి, 0.2 శాతం రోపివకైన్ లాంటి పలచని మందును గంటకు కొన్ని మి.లీ. చొప్పున పంపు ద్వారా ఇస్తారు. ఆపాలనుకున్నప్పుడు ఆపవచ్చు, పెంచాలనుకున్నప్పుడు పెంచవచ్చు.

అయితే ట్యూబు జరిగిపోవడం, మందు కట్టు మీదకు కారడం, చర్మం దగ్గర ఎర్రబడటం మామూలు. వాటిని రోజూ చూసే మనిషి ఉండాలి. మెడ పక్కన పెట్టిన ట్యూబు ఒక్క మెడ విదిలింపుతో పక్కకు జరగవచ్చు. రోజూ చూసే ఏర్పాటు లేని చోట ట్యూబు కన్నా, ఒకసారి ఇచ్చే బ్లాకుకు డెక్సామెథాసోన్ తోడుచేసి, మాత్రలు వేళకు వేయించడమే మేలని నా అభిప్రాయం.

కొవ్వు బుడగల్లో నింపిన బుపివకైన్ మూడు రోజులు పనిచేస్తుందట కదా?

దాన్ని లైపోసోమల్ బుపివకైన్ అంటారు. అమెరికాలో 2011లో గాయం దగ్గర ఇవ్వడానికి, 2018లో భుజం ఆపరేషన్లకు మెడ పక్కన ఇచ్చే బ్లాకుకు అనుమతి వచ్చింది. మామూలు బుపివకైన్‌తో పోల్చి చూసిన సమీక్షల్లో మాత్రం, దాని ఖరీదుకు తగినంత తేడా రోగికి కనిపించలేదు.

మత్తు దిగాక నొప్పి ఒక్కసారిగా ఎందుకంత వస్తుంది?

దీన్ని రీబౌండ్ పెయిన్ అంటారు. మత్తు కొత్తగా నొప్పిని పుట్టించదు. ఇంతసేపూ మూసి ఉన్న తలుపు తెరుచుకున్నప్పుడు, అప్పటికే బయట పేరుకుపోయిన నొప్పి అంతా ఒక్కసారి లోపలికి వస్తుంది. పూర్తి మత్తుతో ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి మెట్టు మెట్టుగా పెరుగుతుంది, దానికి తగ్గట్టు మందులూ పెరుగుతాయి. బ్లాక్ ఉన్నవారికి నొప్పి, పదికి లెక్కేస్తే, సున్నా నుంచి ఎనిమిది దాకా గంట వ్యవధిలో చేరవచ్చు. 2021లో వచ్చిన ఒక పరిశీలనలో బ్లాక్ ఇచ్చినవారిలో దాదాపు సగం మందికి ఇది వచ్చింది. ఎముక ఆపరేషన్ అయినవారు, చిన్న వయసువారు, స్త్రీలు ఎక్కువగా బాధపడ్డారు. డెక్సామెథాసోన్ అందుకున్నవారిలో ఇది తక్కువగా కనిపించింది.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరిగిన ఒక పెద్దావిడకు మధ్యాహ్నం బ్లాక్ ఇచ్చాను, ప్లేటు చక్కగా కుదిరింది. సాయంత్రం చూడటానికి వెళ్లేసరికి ఆవిడ ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసుకుంటూ, "ఇది నా చెయ్యేనా బాబూ" అని నవ్వుతూ అడిగారు. మాత్ర వేసుకున్నారా అంటే, "నొప్పి లేనప్పుడు మాత్రెందుకు బాబూ" అన్నారు. నేనూ నవ్వి వచ్చేశాను. కాగితం మీద మాత్ర రాశాను కదా అనుకున్నానే గాని, ఎందుకు వేసుకోవాలో ఆవిడకు విడమరిచి చెప్పలేదు. రాత్రి రెండు దాటాక ఆవిడ కూతురు సిస్టరు దగ్గరకు పరుగెత్తింది. నేను వెళ్లేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని, కట్టు ఉన్న చేతిని ఒడిలో పసిబిడ్డలా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నారు. నొప్పి అదుపులోకి రావడానికి గంటన్నర పట్టింది, అంతవరకు ఎక్కించాల్సిన మందులు, సాయంత్రం ఒక మాత్రతో తప్పిపోయేవి. ఆ రోజు నుంచి బ్లాక్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ, వారి వెంట ఉన్నవారికీ విడివిడిగా చెప్పడం నా పనిలో భాగం చేసుకున్నాను.

అయితే మొదటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

నొప్పి రాకముందే. మొద్దుబారిన చేతిలో చీమలు పాకినట్లు అనిపించినా, వేళ్లు కొద్దిగా కదలడం మొదలైనా మత్తు దిగుతోందని గుర్తు. దానికోసం కూడా ఎదురుచూడవద్దు. డాక్టరు వేరే చెప్పకపోతే, ఆ సాయంత్రం భోజనం అయ్యాక మొదటి మోతాదు, పడుకునేముందు రాసిచ్చినది ఏదైతే అది వేసుకోండి. రాత్రి మోతాదుకు అలారం పెట్టుకోండి. నిద్రపోతున్న మనిషిని లేపడం ఇంటివాళ్లకు ఇష్టముండదు, కానీ ఈ ఒక్క రాత్రి లేపాలి.

పారాసిటమాల్‌ను నొప్పి ఉన్నా లేకున్నా వేళకు వేసుకోవడమే దీనికి పునాది. పెద్దవారికి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి హద్దు ఇంకా తక్కువ. మన మందుల షాపుల్లో దొరికే నొప్పి మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్‌తోనో ట్రమడాల్‌తోనో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. చీటీలో రెండు పేర్లున్నాయని రెండూ వేసుకుంటే పారాసిటమాల్ రెండింతలు పడుతుంది. అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి, చదవలేకపోతే షాపతన్ని చదివి చెప్పమనండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఏమైనా తేడా ఉందా?

ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మనకు తెలుసు. డయాలిసిస్ కోసం చేతిలో ఫిస్టులా (ధమనిని సిరతో కలిపి చేసే దారి) చేయించుకునేవారికి బ్రేకియల్ ప్లెక్సస్ బ్లాక్ నొప్పి తగ్గించడంతో పాటు ఇంకో మేలు చేస్తుంది. చేతిలోని రక్తనాళాలు వెడల్పై రక్త ప్రవాహం పెరుగుతుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో గాయం దగ్గర మాత్రమే మత్తు ఇచ్చినవారి కన్నా బ్లాక్ ఇచ్చినవారిలో మూడు నెలల తర్వాత ఎక్కువ ఫిస్టులాలు మూసుకుపోకుండా ఉన్నాయి. వీరికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి మాత్రలు ఇవ్వకూడదు. పక్కింటివారు మంచి మనసుతో ఇచ్చిన నొప్పి మాత్రైనా సరే, కిడ్నీ డాక్టరును అడగకుండా నోట్లో వేసుకోవద్దు.

చేయి మొద్దుబారి ఉన్నంతసేపు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఆ చేతిని మీది కాదన్నట్లు, నిద్రపోతున్న పసిపిల్లదన్నట్లు చూసుకోండి. లేచి నిలబడిన ప్రతిసారీ జోలెలో ఉంచండి, లేకపోతే దాని బరువుకు అదే జారి ముఖానికో తలుపుకో కొట్టుకుంటుంది. పడుకున్నప్పుడు గుండె కన్నా ఎత్తుగా దిండ్ల మీద పెట్టండి, వాపు తగ్గుతుంది. మోచేయి లోపలి వైపు గట్టి అంచు మీద ఆనకూడదు, అక్కడ నరం చర్మం కిందే ఉంటుంది. పొయ్యి, వేడి టీ గ్లాసు, వేడినీళ్ల కాపడం, ఐసు ముక్క అన్నీ దూరంగా ఉంచండి. కాలినా తెలియదు. బండి నడపకూడదు.

మత్తు ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిదేనా?

కాదు. ముంజేయి ఎముకలు నలిగిపోయినప్పుడు, మోచేయి దగ్గర విరిగినప్పుడు కండరాలు వాచి లోపల ఒత్తిడి పెరిగి రక్త ప్రవాహం ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఆలస్యమైతే కండరం చచ్చిపోతుంది. దాని మొదటి హెచ్చరిక అంతకంతకూ పెరిగే నొప్పి, వేళ్లను మరొకరు చాపితే విలవిల్లాడే నొప్పి. అటువంటి గాయాల్లో సర్జన్ ఎక్కువసేపు ఉండే బ్లాక్ వద్దంటే ఆ మాట వినాలి. బ్లాక్ ఉండగానే నొప్పి పొడుచుకు వస్తే, పిండికట్టు బిగుసుకుపోయినట్లనిపిస్తే, వేళ్లు పాలిపోయి చల్లబడితే అది మత్తు దిగడం అనుకుని మాత్ర మింగి పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

నరానికి దెబ్బ తగిలిన ఎముక విరుపుల్లో, ఆపరేషన్ అయిన వెంటనే సర్జన్‌కు వేళ్ల కదలిక చూడాల్సి ఉంటుంది. అక్కడ కూడా పొడిగింపు కన్నా తొందరగా దిగిపోయే మందే సరైనది. ఒంటరిగా ఉండే ముసలివారికి రోజంతా ఒక చేయి పనిచేయకపోవడం ఎంత కష్టమో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండో రోజు దాటినా స్పర్శ రాలేదు. భయపడాలా?

డెక్సామెథాసోన్ ఇచ్చిన బ్లాక్ 24 గంటల దాకా నిలవడం, కొందరిలో అంతకన్నా కొంచెం ఎక్కువసేపు ఉండటం వింత కాదు. 48 గంటలు దాటినా చేయి కదలకపోతే, లేదా దిగిన మత్తు మళ్లీ పెరుగుతున్నట్లుంటే ఫోను చేయండి. వేలి చివర తిమ్మిరి కొన్ని వారాలు ఉండి పోవడం అప్పుడప్పుడూ చూస్తాం. నెలలు దాటి నిలిచిపోయే నరాల దెబ్బ పది వేల మందిలో రెండు నుంచి నలుగురికి మించదని అంచనా. ఆ దెబ్బ సూది వల్లే కాక, విరిగిన ఎముక, రక్తం ఆపడానికి కట్టే టోర్నికే, చేయి ఉంచిన భంగిమ వల్ల కూడా రావచ్చు కాబట్టి మత్తు డాక్టరు, సర్జన్ ఇద్దరూ చూడాలి.

భుజం ఆపరేషన్ తర్వాత ఊపిరి పూర్తిగా ఆడటం లేదనిపించింది, కనురెప్ప వాలిపోయింది. ఎందుకు?

మెడ పక్కన ఇచ్చే బ్లాకులో, మామూలు మోతాదుతో ఇచ్చినప్పుడు, దాదాపు అందరిలోనూ ఆ వైపు ఊపిరి కండరాన్ని నడిపే నరం కూడా మొద్దుబారుతుంది. ఆరోగ్యవంతులకు అది తెలియదు, తెలిసినా తల వైపు ఎత్తు పెట్టుకుంటే సర్దుకుంటుంది. రెప్ప వాలడం, కంటిపాప చిన్నదవడం, గొంతు బొంగురుపోవడం కూడా మత్తుతో పాటే పోతాయి. కానీ ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారికి ఇది ప్రమాదం. బ్లాకును పొడిగిస్తే ఈ ఇబ్బందీ ఎక్కువసేపు సాగుతుంది. వారికి వేరే చోట బ్లాక్ ఎంచుకోవాలి. ఆయాసం పెరుగుతూ ఉంటే, ఛాతీలో పోటు వస్తే ఎవరైనా సరే వెంటనే చెప్పాలి.

పిల్లలకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

బ్లాకులు పిల్లలకు కూడా ఇస్తాం. కానీ పైన చెప్పిన పొడిగింపు అంకెలన్నీ దాదాపు పెద్దవారివే. వాటిని పిల్లలకు అలాగే అన్వయించకూడదు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు ఏం చెప్పాలి, ఏం అడగాలి?

రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ఆ చేతిలో ముందే తిమ్మిరి ఉంటే, షుగర్, ఆయాసం, కిడ్నీ, కాలేయ జబ్బులుంటే, నొప్పి మాత్రలకు కడుపులో పుండ్లు పడిన చరిత్ర ఉంటే తప్పక చెప్పండి. ఆ రాత్రి ఇంట్లో తోడు ఎవరుంటారో కూడా చెప్పండి, పొడిగించాలా వద్దా అన్న నిర్ణయంలో అది మాకు పనికొస్తుంది. ఏ మందు ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు, సుమారుగా ఎప్పుడు దిగుతుంది, మొదటి మాత్ర ఎప్పుడు, రాత్రి నొప్పి ఆగకపోతే ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నవి అడిగి, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర ఇప్పుడు బ్లాక్ ఇచ్చిన సమయాన్నీ, మొదటి మాత్ర సమయాన్నీ కట్టు అంచున అంటించిన తెల్ల టేపు మీద మార్కరు పెన్నుతో రాస్తున్నాం. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టరు ఫైలు తెరవకముందే అది చూసి మాత్ర ఇచ్చేస్తోంది.